తండ్రి టోపీ, ప్రేమికుల వనము
మోరి మారి జీవితకథ

మార్కాపురము పలకల ఊరు. నల్లమల అంచున భూమి పొరలనుండి తీసిన రాతిని రేకులుగా చీల్చి, కొయ్యచట్రములు బిగించి, బడిపిల్లలకు తరతరములుగా పలకల నందించిన ఊరు. పలక చేతికి వచ్చిన పిల్లలు ఓనమాలు దిద్దుటకు ముందే బొమ్మ గీయుదురు. ఇల్లు, చెట్టు, కాకి గీసిన పిదప వానికొక కథ కల్పింతురు. బొమ్మతో కథ చెప్పుకొను కోరిక ఎల్ల దేశముల పిల్లలకును ఉన్నదే. దానిని పెద్దలును చదువదగిన విస్తారమైన సాహిత్యముగా పెంచినవారు జపానీయులు. ఆ బొమ్మలకథలను వారు మాంగా యందురు.

గిద్దలూరు, కంభము వైపునుండి మా కళాశాలకు వచ్చు విద్యార్థినులలో కొందరు రైలు కొఱకు వేచియుండు వేళ సెల్‌ఫోనులలో ఈ కథలు చదువుచుందురు. వారిలో ఒక అమ్మాయి ఒకనాడు నన్నొక ప్రశ్న అడిగినది. ఇద్దరు పురుషుల నడుమ ప్రేమను చెప్పు బొమ్మలకథలు జపానులో ఒక ప్రత్యేకశాఖగా ఉన్నవి. వానిని వ్రాయువారును, గీయువారును, చదువువారును చాలవఱకు స్త్రీలే. ఇట్టి సాహిత్యము ఎట్లు పుట్టినదని ఆమె సందేహము. నాకు తెలియదు. తెలియదని ఒప్పుకొనుటకు మాఱుగా, పరీక్షలు దగ్గఱపడుచున్నవనియు, ప్రబంధపాఠము చూచుకొమ్మనియు మందలించి పంపితిని. ఇరువది యైదేండ్లకు పైగా పాఠము చెప్పినవాడు చేయదగిన పని కాదది. ఆ మందలింపు నన్నే వెంటాడినది. సమాధానము వెదకగా వెదకగా నాకొక స్త్రీ జీవితము ఎదురుపడినది. దానినే ఇచట చెప్పబోవుచున్నాను.

ఆమె పేరు మోరి మారి. జపానీయులును మనవలెనే ఇంటిపేరు ముందు చెప్పుదురు. మోరి అనునది ఇంటిపేరు. ఆమె 1903వ సంవత్సరము జనవరి 7వ తేదీన టోక్యో నగరమున జన్మించెను. తండ్రి మోరి ఓగై ఆధునిక జపాను సాహిత్యమునకు పునాది వేసిన మహనీయులలో ఒకడు. మన గురజాడవారు పుట్టిన 1862లోనే ఆయనయు పుట్టెను. వృత్తిచే సైనికవైద్యుడు. 1884 నుండి 1888 వఱకు జర్మనీలో చదివి వచ్చి, ఒక జపాను విద్యార్థికిని జర్మను నర్తకికిని నడుమ ప్రేమ వృత్తాంతముగా 1890లో ‘నర్తకి’ అను కథ ప్రకటించి పేరొందెను. 1907 నాటికి సైన్యమున వైద్యశాఖకు అధిపతి యయ్యెను. పగలు కత్తి కట్టిన అధికారి, రాత్రి కలము పట్టిన రచయిత.

ఈ అధికారి ఇంట మాత్రము మెత్తని తండ్రి. ఐరోపా వారి నోటికిని తేలికగా పలుకునట్లు తన సంతానమునకు ఆ దేశముల పేళ్ళు పెట్టుకొనెను. మొదటి భార్యవలన కలిగిన కుమారుడు ఒట్టో. రెండవ భార్య షిగెవలన కలిగినవారు మారి, అన్ను, ఫ్రిట్జ్, లూయి. వీనికి తగిన జపాను లిపిని వెదకి కూర్చుట ఆయనకొక వేడుక. మారి తొలిచూలు కూతురు. పెద్దపిల్ల యైన పిదపను ఆమె తండ్రి ఒడిలో కూర్చుండెడిది. ఆమె ఏమి చేసినను ఆయన కంటికి సొంపే. తండ్రి చుట్టపొగ వాసన, సైనికవస్త్రముల స్పర్శ, తలపై చేయి వేసి మెచ్చుకొనుట, ఇవి ఆమెకు జీవితాంతము తఱుగని నిధులైనవి. లోకమున మఱి ఏ పురుషుడును ఆ కొలతకు నిలువలేకపోయెను.

ఆ ముద్దుల వెనుక ఒక భయంకరమైన ఘట్టము కలదు. 1908లో మారికిని, పసిబిడ్డ ఫ్రిట్జ్‌కును కోరింతదగ్గు సోకినది. పసివాడు మరణించెను. ఐదేండ్ల మారి బ్రదుకదని వైద్యులు ఆశ వదలుకొనిరి. ఆ బాధను చూడలేక, మందుతో సుఖముగా ప్రాణము పోవునట్లు చేయుదమా అను ఆలోచన ఆ వైద్యుని ఇంట నిజముగనే కలిగినది. చివరకు అది మానుకొనిరి, బిడ్డ కోలుకొనెను. ఓగై ఆ దినములను 1909లో ‘కొంపిరా’ అను కథగా వ్రాసికొనెను. బాధనుండి విముక్తి కలిగించుటకు ప్రాణము తీయుట నేరమా అను ప్రశ్నను 1916లో ‘తకసె నది పడవ’ అను కథలో మరల ఎత్తెను. తన మరణమును గూర్చి ఇంట ఆలోచన జరిగినదని పెద్దయైన పిదప మారి ఎఱిగినది. అయినను తండ్రిపై ఆమె ప్రేమ ఇసుమంతయు తగ్గలేదు.

ఆ 1909లోనే ఓగై మఱియొక రచన ప్రకటించెను. ‘వీటా సెక్సువాలిస్’ అని దానికి లాటిను పేరు. ఒక యువకుడు కామమనునది ఏమిటో క్రమముగా తెలిసికొనుటను వైద్యుని నిర్లిప్తతతో చెప్పిన గ్రంథమది. వసతిగృహములలో పెద్ద విద్యార్థులు చిన్నవారిని వెంటాడుట, దానికి ఆనాటి సమాజమున ఉన్న పేళ్ళు అందు దాపఱికము లేక వర్ణింపబడినవి. ప్రభుత్వము ఆ పత్రికాసంచికను నిషేధించినది. అప్పటికి మారి ఆఱేండ్ల బాలిక. అర్ధశతాబ్దము తరువాత పురుషుల పరస్పరప్రేమను వేఱొక దృష్టితో ఆమెయే వ్రాయునని ఊహించినవారు లేరు.

1919లో, పదునాఱేండ్ల వయసున, ఆమెకు యమదా తమాకి అను ఫ్రెంచి సాహిత్యపండితునితో వివాహ మైనది. కలవారి ఇల్లు. 1922లో భర్తను కలిసికొనుటకు ఐరోపాకు బయలుదేఱెను. తండ్రి అప్పటికే జబ్బుతో నుండెను. ఆ యేడు జూలై 9వ తేదీన ఓగై మరణించెను. కూతురు సముద్రముల కావల నున్నది. పారిస్ వీథులు, నాటకశాలలు, కాఫీ హోటళ్ళు ఆమె మనస్సులో చెఱగని చిత్రములుగా నిలిచినవి. తండ్రి పోయిన దుఃఖమును, పారిస్ చూచిన ఆనందమును ఆమె జీవితమున ఒకే కాలమున కలిసివచ్చినవి. 1923లో స్వదేశమునకు తిరిగివచ్చెను.

తిరిగివచ్చిన పిదప కాపురము నిలువలేదు. 1927లో విడాకులు. ఇద్దరు కుమారులును తండ్రివద్దనే ఉండిపోయిరి. 1930లో ఉత్తరమున సెందాయి నగరమందలి ఒక వైద్యశాస్త్రాచార్యునితో రెండవ పెండ్లి జరిగినది. టోక్యో వినోదముల కలవాటుపడిన ఆమెకు ఆ ఊరు తోచలేదు; ఇంటిపని చేతగాని ఇల్లాలు ఆ ఇంటికి తోచలేదు. మఱుసటి యేడే అదియు ముగిసినది. ముప్పది యేండ్లు నిండకముందే రెండు పర్యాయములు పుట్టింటికి తిరిగివచ్చిన స్త్రీ! ఆనాటి జపానులో ఆ మాటకు గల బరువు మన పల్లెల నెఱిగినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

1936లో తల్లి గతించెను. తమ్ముడు లూయితో కొంతకాలము గడచినది. అతనికి పెండ్లి యైన పిదప ఆమె ఒంటరి యయ్యెను. యుద్ధకాలమున టోక్యో విడిచి ఫుకుషిమా ప్రాంతమున తలదాచుకొనెను. యుద్ధానంతరము నగరమునకు వచ్చి అద్దెగదులలో నివసించినది. జీవనాధారము తండ్రి పుస్తకములపై వచ్చు రాయల్టీలో తన వంతు. అప్పటి జపాను చట్టము ప్రకారము రచయిత మరణించిన 30 ఏండ్ల వఱకే ఆ హక్కు. 1922లో ఓగై మరణించెను గనుక 1952తో అదియు అంతరించినది. బియ్యము కడుగుట తెలియక పెరిగిన బిడ్డ, యాబదవ యేట తన కూడు తాను సంపాదించుకొనవలసి వచ్చెను.

ఆమె చేతనున్న మూలధనము జ్ఞాపకములు మాత్రమే. వానినే వ్రాసినది. 1957లో ‘తండ్రి టోపీ’ అను వ్యాససంపుటి వెలువడినది. ఓగై తల పెద్దది. అంగళ్ళలో ఆయన తలకు సరిపోవు టోపీ దొరకుట కష్టము. అట్టి చిన్న సంగతులనుండి ఒక మహాపురుషుని ఆమె మనుష్యునిగా నిలిపినది. జపాను వ్యాసరచయితల సంఘమువారి బహుమతి దానికి లభించెను. అప్పటి కామెకు 54 ఏండ్లు. చాలమంది రచయితలు తమ ఉత్తమకృతులు ముగించి సన్మానములు పొందు వయసున ఆమె ఆరంభించినది.

టోక్యోలో సెతగయా ప్రాంతమందలి ఒక అద్దెగది ఆమె లోకము. చుట్టును పేదఱికము. అందే ఒక మంచము, వన్నెగల గాజుసీసాలు, ఒక పువ్వు, పుస్తకములు, పాతపత్రికలు. దీనికామె విలాసవంతమైన పేదఱికమని పేరుపెట్టి, ఆ పేరనే ఒక గ్రంథము వ్రాసినది. దాపుననున్న కాఫీ హోటలులో ఒక మూల కూర్చుండి గంటలకొలది వ్రాసెడిది. గదిలో సీసాపై పడిన వెలుతురును చూచి వెనిస్‌ను, పారిస్‌ను ఊహించుకొనగల చూపు ఆమెది.

ఇట్టి స్థితిలో, 1961లో ‘ప్రేమికుల వనము’ వెలువడినది. ఫ్రెంచి సినిమా నటు లిద్దరు కలిసియున్న ఒక ఛాయాచిత్రము ఆమె కల్పనకు నిప్పురవ్వ యైనదని ప్రసిద్ధి. కథ టోక్యోలోనే జరుగును. కాని అది పటములో దొరకు టోక్యో కాదు. ఫ్రెంచి, జపాను రక్తములు కలిసిన గిడో అను విద్వాంసుడు, పౌలో అను అందమైన యువకుడు, వారి నడుమ గాఢానురాగము. ఒక స్త్రీ అసూయవలన గిడో ప్రాణములు కోల్పోవును. తామురా తోషికో అను రచయిత్రి స్మారకముగా ఏర్పడిన బహుమతి దీనికి వచ్చెను. ఆ యేడే ‘ఆదివారము నేను వెళ్ళను’, 1962లో ‘ఎండుటాకుల పడక’ ఇదే మార్గమున వెలువడినవి.

పురుషుల పరస్పరప్రేమ జపాను సాహిత్యమునకు క్రొత్త కాదు. ఇహారా సైకకు 1687లోనే సమురాయి వీరుల, కబుకి నటుల వృత్తాంతములతో 40 కథల సంపుటి ప్రకటించెను. బౌద్ధవిహారముల గాథలు అంతకన్న ప్రాచీనములు. అవి పురుషులు పురుషులకు వ్రాసినవి. 1868 తరువాత పాశ్చాత్య నీతియు, పాశ్చాత్య వైద్యశాస్త్రమును ప్రబలుటచే ఆ సంప్రదాయము వెనుకబడినది. మారి చేసినది దాని పునరుద్ధరణ కాదు. స్త్రీ రచయిత్రిగా, తన ఊహలోని ఆనందము కొఱకు, పురుషు లిద్దరి ప్రేమను ఆమె చిత్రించినది. నేటి బొమ్మలకథల శాఖకు విమర్శకులు ఆమెను పూర్వీకురాలిగా లెక్కించుట అందుచేతనే.

ఆమె అట్లేల వ్రాసినది? నాకు తోచినది చెప్పుదును. స్త్రీపురుషుల ప్రేమకథలో పెండ్లి యున్నది, అత్తవారిల్లున్నది, వంట యున్నది, బిడ్డలున్నారు, లోకము చేయు తీర్పున్నది. రెండు కాపురములందు ఆమె ఈ తీర్పునే పొందినది. ఇద్దరు పురుషుల కథలో ఈ కట్టుబాట్లు లేవు. కథ వ్రాయు స్త్రీ ఆ కథలో లేదు గనుక ఎవరును ఆమెను తూచలేరు. ఆమె గిడో కాగలదు, పౌలో కాగలదు. ప్రేమించుటయు ప్రేమింపబడుటయు రెండును అనుభవింపగలదు. ఆదరించు పెద్దవాడు, ఆదరము పొందు చిన్నవాడు అను ఆ అమరికలో తండ్రియొడి నీడయు కానవచ్చును.

ఇతరుల దేహములో నిలిచి తన మాట చెప్పుట మనకును తెలిసిన విద్యయే. 17వ శతాబ్దమున క్షేత్రయ్య పురుషుడై యుండి నాయిక గొంతుతో పదములు పాడెను. ఎవరును తప్పు పట్టలేదు. 18వ శతాబ్దమున తంజావూరున ముద్దుపళని స్త్రీయై యుండి స్త్రీ కోరికను ‘రాధికాసాంత్వనము’న చెప్పగా, వీరేశలింగము పంతులుగారంతటి సంస్కర్తయు సహింపలేదు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దానిని అచ్చువేయింపగా ప్రభుత్వము నిషేధించినది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు మదరాసు ముఖ్యమంత్రిగా నుండగా 1947లో ఆ నిషేధము తొలగినది. మా ప్రాంతము చిరకాలము ఏ జిల్లాగా పేరొందినదో ఆ జిల్లా పేరు ఆయనదే. పురుషుడు స్త్రీ గొంతు నెత్తుకొన్నచో కళ, స్త్రీ తన గొంతు నెత్తినచో దోషము అను ఈ తక్కెడ జపానులోను ఉండెను. మారి ఆ తక్కెడలో కూర్చుండక ప్రక్కకు తప్పుకొనినది.

ఆమె కథలనుండి బొమ్మలకథలకు దారి తిన్ననిది కాదు. 1970 ప్రాంతమున, 1949లోను ఆ చేరువ సంవత్సరములలోను పుట్టిన కొందరు యువతులు బాలికల బొమ్మలకథల రూపు మార్చిరి. టోక్యోలోని ఓయిజుమి యను చోట ఒక చిన్న ఇంట తకెమియా కెయికో, హగియో మోతో కలిసి కొంతకాలము నివసించిరి. మసుయమా నోరియె అను స్నేహితురాలు వారిచే జర్మను నవలలు చదివించెను, ఐరోపా సినిమాలు చూపించెను. తకెమియా 1970లో బాలుర అనురాగము వస్తువుగా ఒక చిన్న కథ గీసెను. హగియో 1971లో ‘నవంబరు పాఠశాల’, 1974లో ‘థామస్ హృదయము’ గీసెను. ఫ్రాన్సు దేశపు వసతిపాఠశాల రంగముగా తకెమియా గీసిన ‘గాలియు చెట్టును పాడిన పాట’ 1976 నుండి 1984 వఱకు సాగినది. వీరికి స్ఫూర్తి హెర్మన్ హెస్సె నవలలు, ఫ్రెంచి సినిమాలు. మారి వేసిన త్రోవ వచనసాహిత్యమునది. ఈ రెండు పాయలును 1978లో ఆరంభమైన ‘జునె’ అను పత్రికలో కలిసినవి. అందు బొమ్మలకథలును నవలలును ప్రక్కప్రక్కనే వెలువడినవి. నకజిమా అజుసా అను రచయిత్రి అందు క్రొత్త రచయిత్రులకు శిక్షణ నిచ్చుచు శీర్షిక నడపెను. నేడు ప్రపంచమంతట చదువబడుచున్న శాఖ ఆ కలయికనుండి పెరిగినది.

దోషములు లేవని చెప్పను. మారి కథలలో స్త్రీలకు దక్కిన పాత్ర చాలవఱకు అసూయయే. పురుషులను ప్రేమించు జపాను పురుషులలో కొందరు, ఈ కథలలో తమ నిజజీవితము లేదనియు, తమ్ము వినోదవస్తువులుగా చేసికొనుచున్నారనియు 1992లో గట్టిగా ఆక్షేపింపగా పెద్ద వాదము జరిగినది. ఆ ఆక్షేపణలో న్యాయమున్నది. ఊహలో మనము నివసించు ఇల్లు మఱియొకరి నిజమైన ఇల్లైనపుడు తలుపు తట్టి లోనికి పోవుట మర్యాద. మన దేశమున 2018 సెప్టెంబరు 6వ తేదీన సుప్రీంకోర్టు తీర్పిచ్చువఱకు అట్టి ప్రేమ చట్టము దృష్టిలో నేరముగానే ఉండెనని మఱువరాదు.

మారి ఆ మూడు రచనలతో ఆగలేదు. తండ్రికూతుళ్ళ అనురాగమును వస్తువుగా గొని పదేండ్లు శ్రమించి ‘తేనెగది’ అను పెద్ద నవల ముగించెను. దానికి 1975లో ఇజుమి క్యోకా బహుమతి వచ్చినది. అప్పటి కామెకు 72 ఏండ్లు. అటుపిమ్మట ఒక వారపత్రికలో టెలివిజను కార్యక్రమములపై విమర్శలు వ్రాయుచు, నటులను, వ్యాఖ్యాతలను తన చిత్తము వచ్చినట్లు మెచ్చుచు, దూషించుచు, క్రొత్త తరము పాఠకులను సంపాదించుకొనెను. కడవఱకు అద్దెగదిలోనే ఒంటరిగా బ్రదికినది. 1987 జూన్ 6వ తేదీన 84వ యేట హృదయము ఆగిపోయి కన్నుమూసెను. ఆ సంగతి లోకమునకు తెలియుటకు రెండు దినములు పట్టినది. మితకా యను చోట జెన్‌రిన్ ఆలయమున తండ్రి సమాధియున్న ఆవరణలోనే ఆమెయు విశ్రమించినది.

ఇల్లాలుగా పనికిరానిదని రెండిండ్లవారు తిప్పి పంపిన స్త్రీ ఆమె. ఆ తీర్పు లేని చోటు నొకదానిని కాగితముపై కట్టుకొనినది. ఆ చోటు ఎందరికో అవసరమైనదని తరువాత తెలిసినది. ఒక సాహిత్యశాఖ పుట్టుకకు ఇంతకన్న గొప్ప కారణము వెదకనక్కఱలేదని నా అభిప్రాయము.

నన్ను ప్రశ్నించిన అమ్మాయి చదువు ముగించి వెళ్ళిపోయినది. రెండేండ్ల ఆలస్యముగా వ్రాసిన ఈ సమాధానము ఆమె కంటబడునో లేదో చెప్పలేను. ఇకమీదట మఱియొక అమ్మాయి అట్టి ప్రశ్నతో వచ్చినచో, ముందుగా నాకు తెలియదని ఒప్పుకొని, ఆ సెల్‌ఫోను నొకసారి చూపుమని అడిగెదను.